మిరియం నేర్చుకున్న జడివాన

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక గుట్ట మీద మనుషులు ఖాళీ చేసి వెళ్ళిపోయిన బంగళా ఉండేది. వెళ్ళేటప్పుడు వాళ్ళు మంచాలు, కుర్చీలు, గిన్నెలు అన్నీ కిందికి దించుకుపోయారు. పియానోని మాత్రం మోయలేక వదిలేశారు.

ఆ పియానోని కాటుకమ్మ అనే ఎలుగుబంటి వాయించేది. మనుషులున్న రోజుల్లో కిటికీ కింద కూర్చుని విని విని నేర్చుకుంది. ఏటా వానలు తగ్గుముఖం పట్టగానే ఏనుగుల మంద ఏరు దాటి అవతలి అడవికి వెళ్ళేది. వెళ్ళే ముందు బంగళా దగ్గర కాసేపు ఆగేది. కాటుకమ్మ వాటికి వానపాట వాయించేది. ఆ పాట చినుకుల్లాగా నెమ్మదిగా మొదలవుతుంది. నడుమ జడివాన పట్టుకుంటుంది. అక్కడ రెండు చేతులూ కలిసి పియానో మెట్ల మీద పరుగెత్తాలి.

ఆ ఏడు కాటుకమ్మ చేతిలో ముళ్ళపంది ముల్లు విరిగింది. చెయ్యి వాచిపోయి వేళ్ళు కదలడం మానేశాయి. సరిగ్గా అప్పుడే పచ్చయ్య అనే చిలక కబురు తెచ్చాడు.

"ఏనుగుల పెద్ద గౌరవ్వ చెప్పమంది. పళ్ళు అరిగిపోయాయట, కాళ్ళు లాగుతున్నాయట. ఏరు దాటడం ఇదే ఆఖరుసారి అంటోంది. వానపాట విని వెళ్తుందట."

కాటుకమ్మ చాలాసేపు ఆలోచించి మిరియాన్ని పిలిచింది. మిరియం ఒక కొండముచ్చు. కాటుకమ్మ దగ్గర చిన్న చిన్న పాటలు నేర్చుకుంటోంది.

"ఈసారి నువ్వు వాయించాలి" అంది కాటుకమ్మ.

"ఆ జడివాన నావల్ల అవుతుందా అత్తా?"

"వానలు తగ్గడానికి ఇంకా వ్యవధి ఉంది. నేర్చుకుంటే అవుతుంది."

మిరియం ఆ రోజే మొదలుపెట్టింది. మొదలుపెట్టడమే పూర్తి వేగంతో మొదలుపెట్టింది. దాని కుడి చెయ్యి పళ్ళు కోసే చెయ్యి. చకచకా పరుగెత్తింది. ఎడమ చెయ్యి ఎప్పుడూ కొమ్మ పట్టుకునే చెయ్యి. దానికి బిగించి పట్టుకోవడం తప్ప వేరే పని తెలియదు. అది వెనకబడింది. కుడి చెయ్యి దాని కోసం ఆగలేదు. జడివాన సగానికి వచ్చేసరికి రెండు చేతులూ ఒకదాని దారికి ఒకటి అడ్డం పడి పాట ఆగిపోయింది. మిరియం మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకాస్త జోరుగా వాయించింది. మళ్ళీ అక్కడే ఆగిపోయింది.

"ఎడమ చెయ్యి ఒక్కటే వాయించు. నెమ్మదిగా" అంది కాటుకమ్మ.

"నెమ్మదిగా వాయిస్తే అది జడివాన ఎలా అవుతుంది?"

కాటుకమ్మ వాచిన చెయ్యి రొమ్ముకి ఆనించుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది.

తరువాత మిరియానికి ఒక ఉపాయం దొరికింది. పియానో కింద కాలితో తొక్కే పెడల్ ఉంది. దాన్ని తొక్కి ఉంచితే స్వరాలన్నీ ఆగకుండా మోగుతూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తప్పులు వినబడవు. మిరియం పెడల్ తొక్కిపెట్టి జడివానంతా ఏకబిగిన లాగించేసింది.

"అబ్బ, ఏం జోరు. అచ్చం కాటుకమ్మ వాయించినట్టే ఉంది" అన్నాడు కిటికీ మీద వాలిన పచ్చయ్య.

మిరియం తోక నిటారుగా లేచింది. కాటుకమ్మ లోపలికి వచ్చింది.

"కాలు తీసి వాయించు" అంది.

మిరియం కాలు తీసింది. అదే పాటలో సగం స్వరాలు లేవు. ఎడమ చెయ్యి పక్క మెట్ల మీద పడుతోంది. పచ్చయ్య గొంతు సవరించుకుని ఎగిరిపోయాడు. మిరియం పియానో మూత వేసి, బంగళా కప్పు ఎక్కి, తన ఎడమ చేతిని చూసుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంది.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే ఎడమ చెయ్యి ఒక్కటే మెట్ల మీద పెట్టింది. నాలుగు స్వరాలు వాయించడం, ఆగడం. మళ్ళీ నాలుగు. ఆ తరువాత కుడి చేతితో అలాగే. చివరికి రెండూ కలిపి, వింటున్న కాటుకమ్మకి కునుకు పట్టేంత నెమ్మదిగా.

"ప్రతి నాలుగింటి మొదటి స్వరం మీద రెండు చేతులూ ఒక్కసారే దిగాలి" అంది కాటుకమ్మ కళ్ళు తెరవకుండానే. "అక్కడ కలుసుకుంటూ వెళ్తే మధ్యలో విడిపోవు. తప్పు పడితే మొదటికి పోకు. పడిన చోటే సరిచేసుకో."

అలా చేస్తూ ఉండగా మిరియానికి ఒక సంగతి వినబడింది. జడివానలో ఎడమ చేతికి తనదంటూ ఒక పాట ఉంది. కుడి చేతి పరుగు కింద అది నింపాదిగా నడుస్తోంది. ఇన్నాళ్ళూ తాను దాన్ని తొక్కేస్తూ వచ్చింది.

చేతులు కుదిరాక వేగం కొద్దిగా పెంచింది. చెదిరితే తగ్గించింది. అసలు వేగంలో సగానికి చేరింది. అంతలో ఆ ఏడు వానలు ముందే వెనక్కి తగ్గాయి. ఏనుగులు గుట్ట ఎక్కి వచ్చేశాయి.

పచ్చయ్య మిరియం చెవి దగ్గరికి వచ్చాడు. "సగం వేగంతో వాయిస్తే పరువు పోతుంది. పెడల్ తొక్కేసి లాగించు. అవ్వకి చెవులు కూడా సరిగ్గా వినబడవు. ఎవరికి తెలుస్తుంది?"

మిరియం కాటుకమ్మ వైపు తిరిగింది. "ఏం చెయ్యను అత్తా?"

"నా చేతులైతే చెప్పేదాన్ని. చేతులు నీవి."

మిరియం పెడల్ మీది నుంచి కాలు తీసింది. చినుకులు అయ్యాయి. జడివాన వచ్చింది. సగం వేగంతోనే వాయించింది. బయట ఒక కుర్ర ఏనుగు "ఇదేంటి, ఇంత నెమ్మదా?" అనడం దానికి వినబడింది. కుడి చెయ్యి పరుగెత్తుతానంది. మిరియం ఎడమ చేతి పాటనే వింటూ దాన్ని ఆపుకుంది. ఏ స్వరమూ తప్పిపోలేదు.

పాట అయ్యాక గౌరవ్వ కిటికీలోంచి తొండం లోపలికి పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఆ చోట నాకు ఒట్టి జోరే వినబడేది అమ్మా. దాని కింద ఇంకో పాట ఉందని తెలియదు. మళ్ళీ ఒక్కసారి వాయిస్తావా?"

మిరియం మళ్ళీ అలాగే వాయించింది. మంద గుట్ట దిగి ఏటివైపు వెళ్ళిపోయింది.

ఆ తరువాత కూడా మిరియం రోజూ సాధన చేసింది. కొంచెం కొంచెంగా వేగం దానంతట అదే వచ్చి చేరింది. ఎండలు ముదిరేసరికి జడివాన జడివానలాగే కురుస్తోంది.

మళ్ళీ వానలకి మంద తిరిగొచ్చింది. అందులో గౌరవ్వ లేదు. మిరియం కిందికి దిగి ఆమె కూతుర్ని అడిగింది.

"వేసవిలో పోయింది" అంది కూతురు. "పోయేదాకా ఆ జడివాన ముక్కే కూనిరాగం తీసింది. ఒక్క స్వరం వదల్లేదు. దారి పొడుగునా విని విని మా పిల్లలకి కూడా వచ్చేసింది."

మిరియం లోపలికి వెళ్ళి మూత తీసి వానపాట అందుకుంది. జడివానని ఈసారి పూర్తి వేగంతో వాయించింది. బయట గున్న ఏనుగులు గొంతు కలిపాయి. మిరియం ఎంత వేగంగా వాయించినా అవి ఒక్క చోట కూడా వెనకబడలేదు.

నీతి: రెండు చేతులూ కలిసి నడవగలిగినంత వేగంతోనే మొదలుపెట్టాలి, పరుగు ఆ నడకలోంచే వస్తుంది.