ఈల ఒక్కడిదైన అడవి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో మూడు లోయలు. మూడింటిలోనూ ఏనుగు నడిచినా వీపు కనబడనంత ఎత్తు గడ్డి.

ఆ గడ్డిలో రేచుకుక్కలు ఉండేవి. పిల్లలూ, అవి మన ఊరకుక్కల్లా మొరగవు. ఈల వేస్తాయి. ఒళ్ళు ఎరుపు, తోక నల్లటి కుచ్చు. ఒక్కదాన్ని చూస్తే నక్కే కదా అనిపిస్తుంది. గుంపును చూస్తే పులి కూడా దారి మార్చుకుంటుంది.

వాటికి ఒక ఆచారం ఉండేది. గడ్డిలో ఒకరు ఈల వేస్తే, విన్నవాళ్ళందరూ బదులు ఈల వేయాలి. అక్కడ కళ్ళు పనిచేయవు. గడ్డి వాసన ఘాటుకి ముక్కూ పనిచేయదు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరు బతికున్నారో ఆ బదులును బట్టే తెలియాలి.

కూనలకు మూడో నెలలో ఈల నేర్పేవారు. ఆ నెల దాటితే గొంతు ముదిరిపోతుంది. ఇక జన్మలో ఈల రాదు, చిన్న మూలుగు తప్ప. నేర్పే పని చెంగవ్వది. ఆ ముసలిదానికి ఒక్క పన్ను లేదు. "పళ్ళుంటే గాలికి అడ్డం. నాకిప్పుడే బాగా వస్తోంది" అనేది.

వాటిలో ఒక గుంపుకి నాయకుడు గండుడు. మూడేళ్ళలో మూడు లోయలూ గెలిచాడు. మొదటి లోయ నాయకుడు తోక ముడిచి లొంగిపోయాడు. రెండోవాడు పారిపోయాడు. మూడోవాడు ఎదురు నిలబడి చచ్చిపోయాడు. గుంపులన్నీ కలిసి సుమారు అరవై మందయ్యారు.

మూడో లోయ గెలిచిన రోజు గండుడు ఒక నల్లబండ ఎక్కి ఈల వేశాడు. ఆ ఈల ఎదుటి కొండకు తగిలి తిరిగి వచ్చింది. అది వాడికి ఎంతో బాగుంది. కానీ అంతలోనే అరవై గొంతులు బదులు పలికాయి.

"ఎవడ్రా అది?" అని అరిచాడు గండుడు.

"మేమే దొరా. మీరు పిలిచారు, పలికాం" అన్నాడు కావలికాసే మల్లడు.

"నేను మిమ్మల్ని పిలిచానా? నా ఈల నేను వింటున్నాను. మధ్యలో మీ గోలేమిటి? ఇవాళ్టి నుంచి ఈ అడవిలో ఈల నాది. ఇంకెవరు వేసినా గొంతు కొరికేస్తాను."

వెనక ఎవరో వేళాకోళం అనుకుని నవ్వారు. పక్కవాళ్ళు నవ్వకపోయేసరికి ఆపేశారు.

వారం తిరగకముందే ఒక చిరుత గుహ వైపు వచ్చింది. మల్లడు చూశాడు. గుహలో పదకొండు కూనలున్నాయి. ఆలోచించకుండా ఈల వేశాడు. గుంపు పరుగున వచ్చింది. చిరుత పారిపోయింది.

"కూనల్ని కాపాడావు, సంతోషం. నా మాట దాటావు, అదే బాధ" అన్నాడు గండుడు. అందరూ చూస్తుండగా మల్లడి గొంతు కొరికాడు. మల్లడు చావలేదు. కానీ ఆ తరవాత వాడి నోట ఏ శబ్దమూ రాలేదు.

చెంగవ్వ ఊరుకోలేదు. కుంటుకుంటూ బండ దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్ గండూ! నీకు ఈల నేర్పింది నేను. ఏడు రోజులు తుస్సు తుస్సుమన్నావు. ఎనిమిదో రోజు వచ్చిందని నా చుట్టూ గంతులేశావు. గుర్తుందా?"

గుంపులో కొందరు నోళ్ళు బిగపట్టి నవ్వారు. గండుడి చెవులు వెనక్కి వాలాయి.

"బదులు వస్తేనేరా అది పిలుపు. రాకపోతే ఉత్త గాలి" అంది చెంగవ్వ.

"అయితే ఆ గాలి నువ్వు వాగు అవతల పీల్చుకో. మళ్ళీ ఇటు అడుగు పెట్టకు."

చెంగవ్వ వాగు దాటి వెళ్ళింది. పళ్ళు లేని ముసలిదానికి అవతల ఎవరు నమిలి పెడతారు? నాలుగో రోజు అటువైపు ఆకాశంలో రాబందులు తిరిగాయి.

ఇక మిగిలింది కుంకుమ. గండుడికి సొంత చెల్లెలు. దానికి నాలుగు కూనలు. వాటికి మూడో నెల వచ్చింది.

"అన్నా, నీ మేనల్లుళ్ళు. ఒక్క వారం చాలు. గుహ లోపల మెల్లగా నేర్పుకుంటాను. బయటికి వినపడనివ్వను" అని బతిమాలింది.

"మేనమామ ఈల వింటూ పెరుగుతారు. అంతకంటే ఏం కావాలమ్మా?"

"గడ్డిలో తప్పిపోతే?"

"నేను పిలుస్తాను."

"నువ్వు పిలుస్తావు సరే. వాళ్ళు పలకలేరు కదా. ఎక్కడున్నారో నీకెలా తెలుస్తుంది?"

జవాబు లేనివాడికి కోపం వస్తుంది. "ఇంకొక్క మాటంటే నువ్వూ వాగు దాటుతావు. నీ కూనలు ఇక్కడే ఉంటాయి" అన్నాడు.

కుంకుమ తల దించుకుంది. దొంగచాటుగా నేర్పాల్సింది అంటారు మీరు. నేనూ అదే అంటాను. కానీ మల్లడి గొంతు మీద గాయం రోజూ ఎదురుగా కనిపించేది. ఆ నెల గడిచిపోయింది. పదకొండు కూనల గొంతులూ ముదిరిపోయాయి.

అప్పుడు లోయలోకి ఒక పెద్దపులి వచ్చింది.

ఇదివరకైతే భయం లేదు. పులి చుట్టూ గడ్డిలో దాక్కుని అటొకరు, ఇటొకరు ఈలలు వేసేవారు. ఎటు తిరగాలో తెలియక పులికి తల తిరిగిపోయేది. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా కుంకుమే నోరు తెరిచింది.

"అన్నా, ఈ ఒక్కరోజు అందర్నీ ఈల వేయనివ్వు."

"అందరూ వేస్తే, పులిని చంపింది గండుడని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు వాడు. "నడవండి!"

అరవై మందీ గడ్డిలోకి దిగారు. పది అడుగులు వేశారో లేదో, ఎవరికి వారు ఒంటరి. కొందరు దారి తప్పి లోయ దాటిపోయారు. కొందరు ఒక్కొక్కరే వెళ్ళి పులికి ఎదురుపడ్డారు. వాళ్ళు చచ్చిపోతున్నా పక్కవాళ్ళకు తెలియలేదు.

గడ్డి మధ్యలో కాస్త ఖాళీ జాగా ఉంది. గండుడు అక్కడికి వచ్చాడు. పులి కూర్చుని పంజా నాక్కుంటోంది. పంజా నిండా ఎర్రగా ఉంది.

"ఒక్కడివే వచ్చావా?" అంది పులి.

"నా వెనక అరవై మంది ఉన్నారు."

"అలాగా? పిలువు, చూద్దాం."

గండుడు ఈల వేశాడు. ఎవరూ పలకలేదు. వాడు ఛాతీ విరుచుకున్నాడు.

"విన్నావా? ఊపిరి చప్పుడైనా లేదు. నేనంటే అంత భయం!"

"వాళ్ళ భయంతో నాకేం పని? ఉన్నారో లేరో చెప్పు" అంది పులి.

గండుడు రెండోసారి వేశాడు. గడ్డి గలగలలాడింది, అంతే. మూడోసారి వేసేటప్పటికి వాడి తోక కిందికి జారింది. ఆ మూడు ఈలలూ విన్నవాళ్ళు ఉన్నారు. బదులు ఇవ్వబోయి మూతి గుండ్రంగా కూడా పెట్టారు. మల్లడు గుర్తొచ్చి నోరు మూసుకున్నారు.

పులి లేచి ఒక్క దెబ్బ కొట్టింది. గండుడి దవడ విరిగి పక్కకు వేలాడింది.

"పిలిస్తే ఒక్కరూ పలకని దొరను చంపితే పులి పరువేం కాను?" అని పులి వెళ్ళిపోయింది.

మూడు రోజులకు గండుడు పాక్కుంటూ గుహ చేరాడు. అరవై మందిలో ఇరవై ముగ్గురే తిరిగి వచ్చారు. తక్కినవాళ్ళలో చచ్చినవాళ్ళెవరో, దారి తెలియక తిరుగుతున్నవాళ్ళెవరో చెప్పగలిగినవాళ్ళు లేరు. గండుడు ఏదో చెప్పబోయాడు. విరిగిన దవడలోంచి చొంగ, గాలి మాత్రమే వచ్చాయి. కళ్ళతో బతిమాలాడు. ఈల వేసి అందర్నీ పిలవమంటున్నాడని కుంకుమకు అర్థమైంది.

"ఇప్పుడా అన్నా?" అంది.

బయటికి వచ్చి ఈల వేసింది. ఎన్నో నెలలు వేయని ఈల. వణికింది, కానీ వచ్చింది. పెద్దవాళ్ళు కొందరు పలికారు. దూరంగా గడ్డిలోంచి కూడా రెండు బదుళ్ళు వచ్చాయి. అలా పిలుపూ బదులూ పట్టుకుని ఇద్దరు ఇల్లు చేరారు. కుంకుమకు ఆశ పుట్టింది. కూనల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మూతి ఇలా పెట్టండి. ఊదండి."

కూనలు ఊదాయి. ఉత్త గాలి వచ్చింది.

"మళ్ళీ."

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఊదాయి. మర్నాడు కూడా ఊదాయి. "అమ్మా, ఆకలేస్తోంది" అంది చిన్న కూన. అప్పుడు కుంకుమ ఆపేసింది.

గండుడు బండ వెనక పడుకుని అంతా చూశాడు. ఎప్పుడు ప్రాణం పోయిందో ఎవరూ చూడలేదు.

కథ ఇక్కడ ఆపమంటారేమో. ఆపను. మంచిగా మార్చను కూడా.

వానలు పడ్డాయి. గడ్డి ఇంకా ఎత్తు పెరిగింది. ఒకరోజు చిన్న కూన కుందేలు వెంట పడి గడ్డిలోకి పోయింది. కుంకుమ పరుగెత్తుకొచ్చి ఈల వేసింది. కూనకు వినపడింది. అమ్మేనని తెలిసింది. కానీ ఆ ఈల కొండలకు తగిలి అన్ని వైపుల నుంచీ వస్తోంది. ఎటు వెళ్ళాలి? కదిలితే ఇంకా దూరమవుతానేమోనని అక్కడే నిలబడింది. నోరు తెరిచి, బలమంతా పెట్టి ఊదింది. దాని మూలుగు గడ్డి చప్పుడులో కలిసిపోయింది.

కుంకుమ అటూ ఇటూ తిరిగింది. ఒకసారి కూనకు నాలుగు అడుగుల దూరంలోంచే వెళ్ళింది. ఆగి, చెవులు నిక్కబొడిచి వింది. ఏమీ వినపడలేదు. ఇటు లేదనుకుని అటు తిరిగి వెళ్ళిపోయింది.

కూన నోరు తెరుచుకునే నిలబడి ఉంది.

నీతి: తన గొంతే వినాలని అందరి నోళ్ళూ మూయించిన గర్విష్ఠి తాను ఒక్కడే చెడడు, ఆ చేటు వాడు పోయాక కూడా పసివాళ్ళను వదలదు.