కోక కొలత పోలమ్మ

భక్తులారా! తోవలపాలెం పెద్దరోడ్డు నడుమ, రెండు గోడల సందులో కొలువైన ఈ తల్లిని చూడ వచ్చారు. సంతోషం. ముందు కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి, ఆ తరువాతే చేతులు జోడించండి. ఇక్కడ బస్సులైనా ఆగి తీరతాయి. ఎందుకు ఆగుతాయో వినండి.

పూర్వం ఇక్కడ రోడ్డు లేదు. ఇవతల పాలెం, అవతల కాన్పుల ఆసుపత్రి, నడుమ కాలిబాట, బాట పక్కన పోలమ్మ రాయి. ఆ రోజులలో భుజంగరావు అనే ప్లానింగు అధికారి వచ్చి, బళ్లు ఆగకుండా పోవడానికి పెద్దరోడ్డును, దాని నడుమ పొడవునా నిలువెత్తు గోడను నిర్ణయించాడు. గోడ లేచిందా, నొప్పులు పడే మనిషి మైలున్నర చుట్టు తిరిగి ఆసుపత్రి చేరాలి.

గోడ రాబోయే చోట ఆయన సున్నంతో గీత పోయించాడు. సాయంత్రానికి రాయి పక్కన గీత చెరిగిపోయింది. మర్నాడూ అంతే. పూజారిణి అప్పయ్యమ్మ మీద ఆయనకు అనుమానం కలిగింది.

“అమ్మవారి పేరు చెప్పి చీపురు పట్టావా?” అని గద్దించాడు.

“చీపురే పడితే గీతంతా ఊడ్చేద్దును గదా బాబూ! సగం పని నాకు చేతకాదు” అన్నదామె. పాలెం ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు.

మూడవనాడు ఎవరినీ దాటనివ్వక, గొడుగు వేసుకొని ఆయనే కాపలా కూర్చున్నాడు. మిట్టమధ్యాహ్నం తల్లి ఆయనకు దాహం పుట్టించింది. ఆసుపత్రి కుళాయిలో నీళ్లు తాగి వచ్చేసరికి గీత చెరిగి ఉంది! తెల్లని అడుగులు కూడా ఉన్నాయి. దొంగ దొరికాడనుకొని జాడ పట్టాడు. అడుగులు కుళాయి దాకా పోయి, తిరిగి ఆయన గొడుగు కిందికే వచ్చాయి. బూట్లు చూసుకుంటే సున్నం.

ఆయన రాయి ముందు తలవంచి, నక్షాలో అక్కడ గోడ తెంపి, మనుషులు దాటేందుకు బళ్లు ఆగేలా దారి వదిలాడు.

“కాగితం మీద వదిలారు. నేల మీద వదులుతారని నమ్మకమేటి?” అంటూ అప్పయ్యమ్మ దారి వెడల్పు ఇంత అని తన ఆరు గజాల కోక పరిచి, గోడ పని ముగిసేదాకా అక్కడినుంచి కదలలేదు.

నేటికీ జాతరనాడు పూజకు ముందు, కొత్త కోకను ఈ గోడ నుంచి ఆ గోడకు పట్టి కొలుస్తాము. దాని కింద దాటిన గర్భిణులకు సుఖప్రసవం కలుగుతుంది. గోడలు పెరుగుతాయా అని ఇంజనీర్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. కిందటేడు కోక జానెడు మిగిలింది. చూస్తే, మరమ్మతు పేరుతో కొత్త పూత. అది చెక్కించిన తరువాతే తల్లికి హారతి ఇచ్చాము.