ఉప్పుబాట బిళ్ళలమ్మ

ఉప్పుబాట దిన్నె ఎక్కి వచ్చిన భక్తులు గర్భగుడిలోకి తొంగిచూసి మొదట కాస్త తెల్లబోవడం కద్దు. లోపల విగ్రహం ఉండదు. ఇత్తడి పళ్ళెంలో, పసుపు గుడ్డ మీద, అరచేతిలో పట్టేంత కొయ్యముక్క ఒకటి ఉంటుంది. అదే బిళ్ళలమ్మ. ‘ఇంత దూరం నడిచింది దీనికా’ అని లోలోపల గొణుక్కున్నవారు కూడా దిగేటప్పుడు వెనక్కి తిరిగి తిరిగి చూస్తారు.

ఇక్కడికి వచ్చేవారు ఎక్కువగా కబురు తెలియని మనుషుల కోసం వస్తారు. తప్పిపోయినవారు, అలిగి వెళ్ళినవారు ఎక్కడున్నారో, ఎప్పుడొస్తారో అమ్మవారిని అడుగుతారు. అడగడానికి కావలసిన బిళ్ళలు, అంటే గుర్తులు చెక్కిన చిన్న ముక్కలు, ఎవరికి వారే చేసుకుని రావాలి. దిన్నె కింద అంగళ్ళలో నున్నగా రంగువేసిన బిళ్ళల సంచులు అమ్ముతారు; చూడముచ్చటగానే ఉంటాయి. వాటిని పైకి తెస్తే మాత్రం పూజారమ్మ, “పిల్లలు ఆడుకుంటారులే, ఇంటికి పట్టుకపోండి” అని నవ్వుతూ తిప్పి పంపుతుంది. మరి దేనితో చేసుకోవాలి? ఆ సంగతి చెప్పేదే ఈ దిన్నె కథ.

పూర్వం ఇక్కడ గుడీ లేదు, ఊరూ లేదు. సముద్రపు ఒడ్డున ఉన్న ఉప్పు కొటారుల నుంచి కొండల దాకా ఎద్దుల మీద ఉప్పు మోసే బిడారులు ఈ దిన్నె పక్కనుంచే సాగేవి. బాట వారగా గుడిసె వేసుకుని పెంచలమ్మ అనే ఎరుకల ఇల్లాలు బుట్టలోంచి బిళ్ళలు తీయించి, వాటి గుర్తులను బట్టి సోది చెప్పుకుంటూ బతికేది. ఒక ఏడు ఘోరమైన కరువు వచ్చింది. ఆమె పెనిమిటి ఆ కరువులోనే కాలం చేశాడు. ఇంకా నడక కుదురుకోని కూతురు చెంగికి ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది. అప్పుడు సముద్రం వైపు మళ్ళుతున్న ఒక బిడారులోని పెద్దామె జాలిపడి, “మాకాడ గంజన్నా ఉండాది. వానలు పడినాక బిడ్డను తెచ్చిస్తాంలే తల్లీ” అన్నది. పెంచలమ్మ తన చేతులతోనే బిడ్డను ఎద్దు మీద కూర్చోబెట్టింది. ఎక్కడైనా బతికితే చాలనుకుంది.

వానలు పడ్డాయి. వాగులు పారాయి, జొన్న కంకి వేసింది. ఎన్నో బిడారులు వచ్చాయి, పోయాయి. చెంగిని తీసుకుపోయిన బిడారు రాలేదు. పెంచలమ్మ ఉప్పు కొటారుల దాకా వెళ్ళి వాకబు చేసింది. వారి జాడ చెప్పినవారు లేరు. తాను లేని సమయంలో బిడ్డ వస్తుందేమోనన్న భయంతో ఉరుకులు పరుగుల మీద తిరిగివచ్చింది.

అత్తగారి నాటి పాత బిళ్ళలు లోకానికంతా జవాబు చెప్పేవి. పెంచలమ్మ తన బిడ్డ గురించి అడిగితే మాత్రం పూటకొక మాట చెప్పేవి. ఒకనాడు వేకువజామున ఆమె కొలిచే అమ్మవారు కలలో కనిపించి, “ఇంకొకరి బిళ్ళల్లో నీ దుఃఖం ఎట్టా పలుకుద్దే? నీ బిళ్ళలు నువ్వే చేసుకో” అన్నది.

“దేంతో చేసుకొనేదమ్మా?”

“దేన్ని ఇయ్యమంటే నీకు చెయ్యి రాదో, దాంతో.”

పెంచలమ్మకు ఈ మాట అర్థం కాలేదనుకోకండి. అర్థమైంది కనుకనే ఆమె వాగులోకి దిగి గులకరాళ్ళు ఏరింది. రాళ్ళ మీద గీసిన గీతలు నాలుగు చేతులు మారేసరికి చెరిగిపోయాయి. బంకమట్టితో చేసి కాలిస్తే బుట్టలో ఒకదానికొకటి తగిలి పెచ్చులూడాయి. కానుగ గింజలు పుచ్చిపోయాయి. పచ్చి తుమ్మకొమ్మ నరికి చెక్కితే ఆరేకొద్దీ పగుళ్ళిచ్చి, ఏది గీతో ఏది పగులో తెలియకుండా పోయింది. అమ్మవారితో బేరాలాడి గెలిచినవారెవరు?

గుడిసె మూలన చెంగి నడకబండి ఉంది. తండ్రి పాలకొయ్యతో చేసిన మూడు చక్రాల బండి అది. బిడ్డ వచ్చేనాటికి పాడుకాకూడదని పెంచలమ్మ దానికి నూనె రాసి తుడుస్తూ ఉండేది. చెంగిది అంటూ ఇంట్లో మిగిలింది అదొక్కటే. చివరకు దాన్ని వాకిట్లోకి తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని గుండె పగిలేలా ఏడ్చి, రంపం అందుకుంది. ఏళ్ళ తరబడి ఎండిన కొయ్య కాబట్టి ఎక్కడా చీలకుండా తెగింది. ముక్కల మీద వానకూ, దారికీ, ఇంటికీ, చావుకూ ఒక్కో గుర్తు చెక్కింది. చేతిపిడి దగ్గరి ముక్క మీద మాత్రం ఆమె కత్తి ఆడలేదు. పళ్ళు వచ్చే రోజుల్లో చిగుళ్ళు దురదపెట్టి చెంగి కొరికిన చోటు అది. ఆ ఒక్కదాన్నీ గీత పెట్టకుండా బుట్టలో వేసింది.

ఆ బిళ్ళలు ఎంత నిక్కమైన మాట చెప్పేవంటే, బిడారులు ఆగి మరీ అడిగి వెళ్ళేవి. పెంచలమ్మ తన ప్రశ్న అడిగినప్పుడల్లా మాత్రం ఆ గీత లేని ముక్కే చేతికి వచ్చేది. “అందరితో మాట్లాడే తల్లివి, నాకాడ మూగనోము పట్టినావా?” అని ఆమె అమ్మవారిని తిట్టిపోసేది. బాటన పోయే ప్రతి ఆడపిల్లనూ ఆపి, “ఎవురి బిడ్డవమ్మా?” అని అడిగేది. వాళ్ళు ఎవరెవరి పేర్లో చెప్పి వెళ్ళిపోయేవారు. అలా అడుగుతూ అడుగుతూనే ముసలిదైపోయింది, చూపు మందగించింది.

ఒక సాయంత్రం ఉప్పు పెరికె సంచి దించుకుని ఒక నడివయసు స్త్రీ మంచినీళ్ళడిగింది. తాగి, తన కోసం ఒక బిళ్ళ తీసింది. పెంచలమ్మ తడిమి చూసి, “ఇది గీత లేనిది. దీంట్లో ఏమీ లేదు తల్లీ, ఇంకోటి తియ్యి” అన్నది.

ఆ స్త్రీ దాన్ని వెలుతురుకు పట్టి చూసింది. “లేకపోవడమేందమ్మా? చిన్న బిడ్డ పళ్ళగాట్లుండాయి గదా. మిగతా గీతలన్నీ నువ్వు పెట్టుకున్నయి. ఇది ఆ బిడ్డే పెట్టింది.”

పెంచలమ్మ చాలాసేపు ఆ ముక్కను వేళ్ళతో నిమిరింది. అడిగిన ప్రతిసారీ బిడ్డే తన చేతిలోకి వచ్చిందని అప్పటికి తెలిసింది. “ఎవురి బిడ్డవే నువ్వు?” అని అడిగింది.

“నీ బిడ్డనేనే అమ్మా” అన్నది ఆ స్త్రీ.

ఆ మాట వింటూ, ఆమె ఒడిలోనే పెంచలమ్మ కన్నుమూసింది. గుప్పిట్లో ఆ ముక్క అలాగే ఉంది. నేడు గర్భగుడి పళ్ళెంలో ఉన్నది అదే. వచ్చినది అమ్మవారే అని కొందరంటారు, చెంగి అని కొందరంటారు. ఎవరో ఉప్పమ్ముకునే పుణ్యాత్మురాలు, ముసలిదాని మనసు తెలిసి ఆ మాట అన్నదని ఈ దిన్నె పెద్దలు అంటారు. మాకైతే మూడింటిలో ఏదీ తక్కువగా తోచదు.

నేటికీ భక్తులు ఇంట్లో తమకు చెయ్యి రాని వస్తువు ఒకటి ఎంచుకుని దానితోనే బిళ్ళలు చేసుకుంటారు. ఉయ్యాల చెక్క, అమ్మ చిలికిన కవ్వం, అన్న దున్నిన మేడితోక, ఏదైనా కావచ్చు. ఒక బిళ్ళను గీత పెట్టకుండా అమ్మవారి పళ్ళెం పక్కన వదిలి వెళతారు. అలా చేసినవారికి పోయినవారు తిరిగివస్తారని మేము మాట ఇవ్వలేము. ఎదురుచూసే బలం మాత్రం తప్పక కలుగుతుంది.

గడప దాటే ముందు పూజారమ్మ ప్రతివారినీ, “ఎవురి బిడ్డవమ్మా?” అని అడుగుతుంది. తెల్లమీసాల పెద్దలైనా, చంకలోని పసివాళ్ళ తరఫున వారి తల్లులైనా, “నీ బిడ్డనే” అనే చెప్పాలి. ఇది వట్టి ఆచారం కాదు. చెంగి ఎక్కడో పెరిగి, పెళ్ళాడి, పిల్లలను కనే ఉంటుంది. ఆమె పిల్లల పిల్లలు ఏ ఊళ్ళో ఉన్నారో, ఈ రోజు దిన్నె ఎక్కినవారిలో ఎవరు వాళ్ళో మనకు తెలియదు. అందుకే అందరినీ అడుగుతారు.