గోడకిచ్చిన గింజలు

"సామీ, ఒక్క రూపాయి కూడా పోకుండా ముసలితనానికి దాచుకునే చోటు ఈ లోకంలో ఎక్కడన్నా ఉందా?" అని చెన్నకేశవులు అడిగాడు.

ఆయన ఆదోనిలో నీళ్ల పంపుల దగ్గర జీవితమంతా పనిచేసి, ఆ వచ్చే నెలలో రిటైరు కాబోతున్నవాడు. చేతికి రాబోయే సొమ్ము తప్ప ఆయనకు గానీ, కీళ్ల నొప్పులతో మంచం దిగలేని ఆయన భార్యకు గానీ వేరే ఆధారం లేదు. బంగారం ధర పెరిగితే ముందే కొనలేదని కుమిలేవాడు, తగ్గితే ఇక దేన్ని నమ్మాలని కుమిలేవాడు. షేర్ల ధరలు ఫోనులో చూసుకుంటూ కంచంలో అన్నం చల్లారబెట్టుకునేవాడు. ఇంతలో పట్నంలో ఒక పెద్దమనిషి తగిలాడు. సొమ్మంతా తన చేతిలో పెడితే దమ్మిడీ పోదనీ, నెల తిరిగేసరికి వడ్డీ ఇంటికే పంపుతాననీ మాటిచ్చాడు. మర్నాడే ఆయనకు సరేనని చెప్పి సంతకం పెట్టాలి.

మా ఆశ్రమం సిద్ధప్ప స్వామికి డబ్బు సంగతులు వినిపించవు. భోజనానికి పిలిస్తే మాత్రం పెరటి చివర ఉన్నా వినిపిస్తుంది. ఆ రోజూ అంతే. కేశవులు చెప్పినదంతా విని, విననట్టే, "మంచి పొద్దుకు వచ్చినావప్పా. పాతర తీస్తున్నాము. ఒక చెయ్యి వెయ్యి" అన్నాడు.

పాతరంటే మా వైపు ధాన్యం దాచే గొయ్యి. గరుసు నేలలో బావిలా లోతుగా తవ్వి, మూతి ఇరుకుగా, లోపల వెడల్పుగా చేసి, జొన్నలు పోసి, బండ మూసి మట్టి మెత్తుతారు. ఆశ్రమం పాతరను బాగా పండిన ఒక ఏడు ఊరందరూ కలిసి నింపారు. తర్వాత కరువులు వచ్చాయి, పోయాయి. ఎలాగో గట్టెక్కి, దాన్ని ముట్టుకోలేదు. ఈసారి మాత్రం వానలు మొదలే మొహం చాటేశాయి, ఊళ్లో గాదెలు ఊడ్చుకుపోయాయి. పాతరను ఒకసారి తెరిస్తే మళ్లీ మూయడానికి లేదు. గాలి తగిలిన గింజ నిలవదు గనక ఉన్నదంతా తోడి పంచుకోవాల్సిందే. లోపల గింజ బాగుంటే ఊరు ఈ ఏడు గడుస్తుంది, లేకపోతే వలస పోవాలి. అందుకే జనం గంపలు పట్టుకుని వచ్చి బండ వైపే చూస్తున్నారు.

పొద్దున్నే బండ తొలగించాం. తాడు కట్టి లాంతరు దించితే సగంలోనే ఆరిపోయింది. లోపల చెడుగాలి ఉందన్నమాట, అప్పుడు దిగినవాడు తిరిగి రాడు. కేశవులుకు ఆగడం చేతకాదు, మూతి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. స్వామి చెట్టు నీడన కునుకు తీశాడు. మధ్యాహ్నం దాటాక మళ్లీ దించితే దీపం నిలిచింది. నేనే దిగుతానని కేశవులు పట్టుబట్టాడు. నడుముకు తాడు కట్టి, చేతికి గడ్డపార ఇచ్చి దించాం. ఆ తాడు కొస పట్టుకున్నది నేనే.

కాసేపటికి లోపలినుంచి ఆయన గొంతు వచ్చింది, ఏడుపు గొంతు. "పాయె సామీ. అంతా నల్లగా కుళ్లి అట్టకట్టింది. గోడల పొడుగునా ఇంతే. పైకి లాగండి."

నా పక్కనే నిలబడ్డ ముసలి హంపమ్మ, ఆ పాతర నింపిన ఏడు కొత్త కోడలిగా జొన్నలు మోసిన మనిషి, గంప బోర్లించి దాని మీద కూలబడింది. స్వామి ఒక్కడే కదలలేదు. మూతి దగ్గరికి వంగి, "గడ్డపార ఉంది గదప్పా, పొడువు" అన్నాడు.

పొడిచిన చప్పుడు వినిపించింది. మళ్లీ పొడిచాడు. పెద్ద పెళ్ల విరిగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. పిలిచినా పలకలేదు. చెడుగాలి కొట్టిందేమోనని మేం తాడు లాగబోతుంటే, లోపలినుంచి ఒక ఘాటైన వాసన పైకి లేచింది. పాతర జొన్నల వాసన. తెలిసినవాళ్లకు అది ఎక్కడున్నా తెలుస్తుంది. హంపమ్మ చప్పున లేచి నిలబడింది.

"సామీ, మోచేతి దాకా దిగింది నా చెయ్యి. గింజలు వెచ్చగా ఉన్నాయి. ఒక్కటి చెడలేదు" అన్నాడు కేశవులు. ఆ గొంతు గుళ్లో మాట్లాడే మనిషి గొంతులా ఉంది.

మొదటి గంప పైకి వచ్చింది. ఎండలో ఆ జొన్నలు చూడడానికి అందరం గంప చుట్టూ మూగాం. వాటిని పండించిన ఎద్దులు లేవు, పోసినవాళ్లలో సగంమంది లేరు. ఆ ఏటి వాన మాత్రం అక్కడే, మా కాళ్ల కింద, ఇన్నేళ్లూ మాకోసం కాచుకుని ఉంది. హంపమ్మ గుప్పెడు తీసి కళ్లకద్దుకుంది. ఇంత పెద్ద సంగతి మీద రోజూ నడిచి నీళ్లకు వెళ్లేవాణ్ణి నేను.

పొద్దు వాలేసరికి పంపకం అయింది. అందరూ గంపలెత్తుకుని వెళ్లారు. ఒళ్లంతా దుమ్ముతో కేశవులు స్వామి ముందు కూర్చుని, విరిగిన నల్ల పెళ్ల ఒకటి చేతిలో తిప్పుతున్నాడు. గోడకు ఆనిన గింజలు కుళ్లి కట్టిన ఆ పొరే చెమ్మనూ పురుగునూ లోపలికి రాకుండా ఆపిందని ఆయనకు ఇప్పుడు అర్థమైంది. అయినా మనసొప్పలేదు. ఇన్ని గింజలు వృథా పోయాయే, వీటిని కూడా కాపాడే ఉపాయం ఆనాడు ఎవరికీ తట్టలేదా అని అడిగాడు.

స్వామి ఆ పెళ్లను తీసుకుని, దులిపి, పక్కన మెల్లగా పెట్టాడు.

"అవి కూడా మంచి గింజలేనప్పా. తెలిసే గోడకిచ్చినాము. రేపు దమ్మిడీ పోదన్న ఆ పెద్దమనిషిని కనుక్కో, ఆయన గోడకు ఏమిస్తున్నాడో."