కొత్త సరంగు తొలి పడవ

పడవవాడు పోలినాయుడి మొలలో మిగిలింది మూడే కాసులు. రాజుగారి పడవకు సరంగు కావాలన్న చాటింపు విని ఆశగా రేవుకు పరిగెత్తాడు. తీరా చూస్తే రేవు అధికారి అప్పటికే తన బావమరిదిని ఎంపిక చేసేశాడు.

"గెడ పట్టడం మెల్లగా నేర్చుకుంటాడులే. నువ్వు పోవోయ్!" అన్నాడు అధికారి.

"చిత్తం దొరా. కొత్త సరంగు తొలి పడవలో ఎంపిక చేసినవారి ఇంటిల్లిపాదీ ఎక్కడం మన రేవు ఆనవాయితీ కదా. అమ్మగారినీ పిల్లల్నీ పిలుచుకురానా?"

అధికారి సుడులు తిరుగుతున్న ఏటిని చూశాడు. గెడను తలకిందులుగా పట్టుకున్న బావమరిదినీ చూశాడు. నిరుటి వరదలో జనాన్ని దాటించింది పోలినాయుడేనని గుర్తొచ్చింది.

"నువ్వు నడిపితే ఎక్కుతాం," అని గొణిగాడు.

"అంటే ఎంపికైంది నేనే కదా దొరా!"

రేవంతా ఈలలు వేసింది. అధికారి తలూపక తప్పలేదు.

పోలినాయుడు గెడ అందుకుని, బావమరిది భుజం తట్టాడు. "రండి బాబూ, ముందు మీకు ఈత నేర్పాలి."