ముమ్మట్టి సీమకు బొడ్రాయి వేసిన రోజు

పూర్వం, మీ తాతల తాతలు కూడా ఉయ్యాల ఎక్కని కాలంలో, మణికేతుడనే రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కోటలంటే పిచ్చి. రెండోవాడికి బజార్లంటే పిచ్చి. మూడోవాడు మల్లసేనుడు. వాడికి ఏ పిచ్చీ లేదని తండ్రికి ఒకటే దిగులు. నవ్వకండర్రా, రాజుల ఇళ్ళలో అలాగే ఉంటుంది! వింటూ వింటూ ఆ వేరుశనక్కాయలు ఒలుస్తూ ఉండండి.

ఆ రాజ్యంలో వరసగా మూడేళ్ళు చినుకు పడలేదు. తుమ్మలపెంట, రేగడిపాడు, ఇసకదిన్నె అనే మూడు ఊళ్ళు పూర్తిగా ఎండిపోయాయి. ఆ ఊళ్ళలోని మూడు వందల కుటుంబాలూ వచ్చి రాజుగారి గుమ్మం ముందు కూర్చున్నాయి. "మాకు దానం వద్దు మహారాజా, దున్నుకోవడానికి ఇంత నేల చూపించండి చాలు" అన్నారు.

రాజు ఆలోచించి చెప్పాడు. "ఏడు ఏర్లు దాటితే ఎవరిదీ కాని సీమ ఒకటి ఉంది. అక్కడ వరసగా మూడు పంటలు కోసిన జనానికి రాజుల సభ రాజముద్ర ఇస్తుంది. అప్పుడా సీమ రాజ్యమవుతుంది, ఆ నేల మీదవుతుంది. మధ్యలో వదిలేసి వచ్చారా, ఇక జన్మంతా ఒకళ్ళ పొలంలో కూలికి పోవాల్సిందే."

ముందు పెద్దకొడుకు దారి చూసి వస్తానని సైన్యంతో బయలుదేరాడు. ఏడు ఏర్లు దాటి, వెళ్ళగానే కోట కట్టాడు. ధూమ్రజటుడనే మంత్రగాడు వచ్చి ఉఫ్‌మని ఊదాడు. కోట పొగై పోయింది. పెద్దకొడుకు ఏడు ఏర్లూ ఈదుకుంటూ ఇంటికొచ్చాడు.

తరవాత రెండో కొడుకు వర్తకులతో బయలుదేరాడు. ఏడు ఏర్లు దాటి, వెళ్ళగానే బజారు పెట్టాడు. ధూమ్రజటుడు వచ్చి ఉఫ్‌మని ఊదాడు. అంగళ్ళన్నీ గబ్బిలాలై ఎగిరిపోయాయి. రెండో కొడుకు కూడా ఏడు ఏర్లూ ఈదుకుంటూ ఇంటికొచ్చాడు.

అప్పుడు మల్లసేనుడు లేచాడు. "నాకు సైన్యం వద్దు, వర్తకులూ వద్దు. గుమ్మం ముందు కూర్చున్న వాళ్ళనే తీసుకెళ్తాను" అన్నాడు.

మూడు వందల బళ్ళు కదిలాయి. బళ్ళ మీద నాగళ్ళు, రోళ్ళు, కోళ్ళ గంపలు, ముసలివాళ్ళు, పసివాళ్ళు. ఇంకొకటి కూడా ఉంది, అది జాగ్రత్తగా వినండి. ప్రతి ఇంటివాళ్ళూ తమ పాత ఊరి మట్టి గుప్పెడు మూటగట్టుకుని తెచ్చుకున్నారు. ఎందుకంటారా? కొత్త ఊరు కడితే నడి ఊళ్ళో బొడ్రాయి వెయ్యాలి గదా! మనిషికి బొడ్డు ఎలాగో ఊరికి ఆ రాయి అలాగ. దాని కింద ఆ మట్టి వెయ్యాలని వాళ్ళ ఆశ.

ఏడు ఏర్లు దాటారు. అబ్బ, ఏం నేల! నాగలి ఆనిస్తే చాలు, వెన్నలో దిగినట్టు దిగింది. బావులు తవ్వే ముత్తన్న, అతని కూతురు బయ్యమ్మ చేయి వేసిన చోటల్లా నీళ్ళు పడ్డాయి. బయ్యమ్మకు గడ్డపార పట్టడం ఎంత బాగా వచ్చో, ఎదటివాళ్ళ మొహం మీదే మాట అనెయ్యడం కూడా అంత బాగా వచ్చు.

అంతా బాగానే ఉంది. బొడ్రాయి దగ్గరే వచ్చింది చిక్కు. "మా తుమ్మలపెంట మట్టి వెయ్యాలి" అని కొందరు. "రేగడిపాడు మట్టి ముందు తుమ్మలపెంట మట్టి ఎంత?" అని కొందరు. "ఇసకదిన్నె వాళ్ళం ఏమైనా చచ్చామా?" అని మిగతావాళ్ళు. చివరికి మూడు పేటలు కట్టుకుని, మూడు రాళ్ళు పాతుకుని, మూడు పాత పేర్లూ పెట్టుకున్నారు. మల్లసేనుడు ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

పంట పండింది. మొదటి కొడవలి పైరుకు తగిలిందో లేదో, ధూమ్రజటుడు వచ్చి ఉఫ్‌మని ఊదాడు. వరి చేలన్నీ ముళ్ళకంపలయ్యాయి!

ధూమ్రజటుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "మీరు పాతిన మూడు రాళ్ళూ మీ పాత ఊళ్ళవే. ఈ నేల ఇంకా ఎవరిదీ కాదు. ఎవరిదీ కానిదంతా నాదే!" అని చెప్పి మాయమయ్యాడు.

ఆడవాళ్ళు ముళ్ళకంపల మీద పడి ఏడ్చారు. మగవాళ్ళు రాళ్ళ కింది మట్టి తవ్వి మళ్ళీ మూటలు కట్టుకుని, బళ్ళు కట్టారు. "కూలికి పోతేపోయాం, పిల్లలు బతుకుతారు" అన్నాడు ఒక పెద్దాయన. ఆ మాటకు మల్లసేనుడి గుండె తరుక్కుపోయింది.

బయ్యమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ప్రతి బండి దగ్గరికీ వెళ్ళి మట్టిమూట లాక్కుంది. మూడు వందల మూటలూ ఒక్కచోట గుమ్మరించి, బావినీళ్ళు పోసి, మోకాలి దాకా దిగి కసాబిసా తొక్కింది. "ఇప్పుడు రండి! మీ ఊరి మట్టి ఏదో ఎవరిది వాళ్ళు ఏరుకుని తీసుకుపోండి!" అని అరిచింది.

ఎవరేరగలరు? ముద్ద ఒకటే ముద్ద. తుమ్మలపెంట పెద్దాయన ముందు బిత్తరపోయాడు, తరవాత కోప్పడ్డాడు, తరవాత పకపకా నవ్వేశాడు. ఒకరి తరవాత ఒకరు కాడి నుంచి ఎద్దుల్ని విప్పారు. ఆ రోజే సీమకు ముమ్మట్టి అని పేరు పెట్టుకున్నారు.

అంతలో కొత్తగా తవ్వుతున్న బావిలో ఎవరో తుమ్మారు. చూస్తే బురదలో ఇరుక్కున్న ముసలి తాబేలు! బయ్యమ్మ పైకి తీసి కడిగింది.

"మూడు వందల ఏళ్ళుగా నా వీపు గోకిన వాళ్ళు లేరు" అంది తాబేలు.

బయ్యమ్మ కొబ్బరిపీచుతో దాని వీపు రుద్దింది.

తాబేలు హాయిగా కళ్ళు మూసుకుని, "బాగా వినండి. మీరంతా కలిసి ఒకటే బొడ్రాయి వేస్తే ధూమ్రజటుడు మీ పొలిమేర దాటలేడు. కానీ వాడు బయటే నిలబడి ఏరు ఆపేస్తాడు, మేఘాలు తరిమేస్తాడు. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, రాగి తాటిచెట్టు మీద, ఒక చిలకలో ఉంది. వచ్చేవాడుంటే నేను మోస్తాను" అంది.

"నేను వస్తాను" అన్నాడు మల్లసేనుడు. "మీరు మళ్ళీ విత్తనం వెయ్యండి. పంట కోతకొచ్చేలోపు తిరిగొస్తాను. బొడ్రాయి నేనొచ్చిన రోజు వేద్దాం."

"రాకపోతే?" అంది బయ్యమ్మ.

"వస్తాను."

"రాకపోతే ఊరుకోను" అంది బయ్యమ్మ. అలా అనేటప్పుడు ఆమె గొంతు వణికింది. వణకలేదని తరవాత ఎంత వాదించిందో!

మల్లసేనుడు తాబేలు వీపెక్కాడు. ఉప్పు సముద్రం దాటాడు. చెరకు సముద్రం దాటాడు. కల్లు సముద్రం దగ్గర ముక్కు మూసుకుని దాటాడు. నెయ్యి, పెరుగు, పాల సముద్రాలు దాటాడు. పెరుగు సముద్రంలో తాబేలు ఆగి ఆగి తాగుతుంటే చెవి మెలిపెడదామని చూశాడు గానీ, తాబేలుకు చెవి ఎక్కడుందో కనపడలేదు. చివరికి మంచినీళ్ళ సముద్రం కూడా దాటాడు.

అక్కడ ఆకాశమంత రాగి తాటిచెట్టు. ఎక్కితే జారింది. మళ్ళీ ఎక్కితే మళ్ళీ జారింది. మూడోసారి అరచేతులకు తాబేలు ఒంటి బురద పూసుకుని ఎక్కాడు. పైన పంజరంలో చిలక ఉంది. మల్లసేనుడు దాని మెడ పట్టుకున్నాడు.

"నులుముతావా? నులుము" అంది చిలక. "కానీ ఒక్కటి అడుగుతాను. వాడు తన ప్రాణం నాలో దాచుకునేటప్పుడు నన్ను అడిగాడా? నాకు గూడు లేదు, గుంపు లేదు, నాదని చెప్పుకోవడానికి ఒక కొమ్మ లేదు. వాడి తప్పుకు నన్నెందుకు చంపడం?"

మల్లసేనుడికి గుమ్మం ముందు కూర్చున్న మూడు వందల కుటుంబాలూ కళ్ళ ముందు కదిలాయి. మెడ వదిలి, పంజరం తలుపు తెరిచాడు. "మా ఊరు వస్తావా? బొడ్రాయి వేసేరోజు లోపల ఎవరుంటే వాళ్ళంతా ఊరివాళ్ళే. మనిషైనా, గొడ్డైనా, కోడైనా, చిలకైనా" అన్నాడు. చిలక ఎగిరొచ్చి అతని భుజం మీద వాలింది.

ఇక్కడ ముమ్మట్టిలో ఏం జరుగుతోందో చూద్దాం. వరి పండి గింజలు రాలిపోతున్నాయి. ఇంక ఒక్కరోజు కూడా ఆగలేరు. పొలిమేర చుట్టూ పసుపుతాడు లాగి వేపమండలు కట్టారు. ప్రతి ఇంటి నుంచీ బిందె నీళ్ళు వచ్చాయి. నడి ఊళ్ళో గొయ్యి, గొయ్యి పక్కన రాయి. తాడు ముడి పడితే రాయి వేసేదాకా బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు బయటికి పోకూడదు. అప్పుడు ఎవరు బయటుంటే వాళ్ళు ఆ ఊరివాళ్ళు కారు. అది కట్టుబాటు.

"పొద్దు నడినెత్తికి వస్తోంది. ముడి వేసేద్దాం" అన్నారు పెద్దలు.

"ఆయన రాలేదు" అంది బయ్యమ్మ.

"ముహూర్తం దాటిపోతుందమ్మా. ఒక్కడి కోసం మూడు వందల ఇళ్ళు ముంచుకుందామా?"

బయ్యమ్మ తిన్నగా వెళ్ళి బొడ్రాయి గోతిలో దిగి, కాళ్ళు బారజాపి కూర్చుంది. "వెయ్యండి రాయి! నా నెత్తిమీదే వెయ్యండి! మనల్ని ఇక్కడికి తెచ్చినవాడిని బయట పెట్టి కట్టే ఊరు నాకొద్దు!"

ముత్తన్న బతిమాలాడు. పెద్దలు కేకలేశారు. ఆమె కదల్లేదు. అటు దూరంగా కొండ మీద పొగ లేచింది. ధూమ్రజటుడు బయలుదేరాడు! పిల్లలు తల్లుల కొంగులు పట్టుకున్నారు.

అప్పుడు ఏట్లోంచి తాబేలు గట్టెక్కింది. దాని వెనకే ఒళ్ళంతా ఉప్పుతో, పెరుగుతో మల్లసేనుడు! పరుగు పరుగున వచ్చి పసుపుతాడు దాటి లోపల పడ్డాడు. భుజం మీద చిలక ఉంది. బయ్యమ్మ గోతిలోంచి తలెత్తి, "పెరుగు తుడుచుకోండి ముందు" అంది. ఆ మాట అనేసి వెక్కి వెక్కి ఏడ్చింది.

ముడి పడింది. గోతిలో ముమ్మట్టి ముద్ద వేశారు. రాయి నిలబెట్టారు. మూడు వందల బిందెల నీళ్ళు పోశారు. ఆఖరున చిలక ముక్కుతో ఒక్క చుక్క తెచ్చి రాయి మీద వదిలింది.

ధూమ్రజటుడు పొలిమేర దగ్గరికొచ్చి ఉఫ్‌మని ఊదాడు. వేపాకు కూడా కదల్లేదు. మళ్ళీ ఊదాడు. ఊహూఁ. మూడోసారి బుగ్గలు పగిలేలా ఊదాడు. దగ్గొచ్చింది.

"సరే, ఏరు ఆపేస్తాను! మీరంతా దప్పికతో చావండి!" అని అరిచాడు.

"ఆపు" అన్నాడు మల్లసేనుడు. "మాతోపాటు ఈ చిలకమ్మకూ దప్పికే."

భుజం మీదున్న చిలకను చూడగానే ధూమ్రజటుడి మొహం పాలిపోయింది. "నా చిలక! నా చిలకను నాకిచ్చేయ్. ఈ సీమ వదిలి పోతాను" అని బేరమాడాడు.

"నేనెవరినయ్యా ఇవ్వడానికి? ఆమెనే అడుగు."

చిలక రెక్కలు విదిల్చి, "నేను ముమ్మట్టిదాన్ని. మా పొలాల్లో గింజ ఉంటే నేను తింటాను, ఏట్లో నీళ్ళుంటే నేను తాగుతాను. నీ ప్రాణం నీకు కావాలంటే ఇక నువ్వే చూసుకో" అంది.

ధూమ్రజటుడు లెక్కలు వేశాడు, గడ్డం పీక్కున్నాడు, నేల మీద కూలబడ్డాడు. వాడికి వేరే దారి లేకపోయింది. ఆ రోజు నుంచీ పొలిమేర బయట గుడిసె వేసుకుని, ఎండ ముదిరితే మేఘాల్ని లాక్కొచ్చేవాడు. మిడతలొస్తే ఉఫ్‌మని ఊది తరిమేవాడు. చిలక ఒక్కసారి తుమ్మిందంటే చాలు, శొంఠి కషాయం కాచి తాడు అవతల నుంచి అందించేవాడు!

మొదటి పంట కోశారు. రెండో పంట కోశారు. మూడో పంట కోసినప్పుడు గాదెలు చాలక ఇళ్ళలో మంచాలు బయటికి వేసుకున్నారు. రాజుల సభ నుంచి రాజముద్ర వచ్చింది. "మీ రాజెవరు?" అని దూత అడిగితే, మూడు పేటలవాళ్ళూ మల్లసేనుడిని భుజాలకెత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్ళలో ఎవరిది ఏ పాత ఊరో దూతకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. మల్లసేనుడు భుజాల మీంచే, "బయ్యమ్మా, రాణివవుతావా?" అని అడిగాడు. "ముందు కిందికి దిగి అడగండి" అంది బయ్యమ్మ. దిగి అడిగాడు. సరేనంది.

పెళ్ళికి మణికేతుడు ఏనుగెక్కి వచ్చాడు. వెనక పెద్దకొడుకు, రెండోకొడుకు, వెయ్యిమంది సైన్యం. జన్మలో ఏ ఊళ్ళోనూ ఎవరినీ అడిగి అడుగుపెట్టినవాడు కాదాయన. కానీ ముమ్మట్టి పొలిమేర దగ్గర ఏనుగును ఆపించాడు. దిగాడు. కిరీటం సర్దుకున్నాడు. ఒకప్పుడు తన గుమ్మం ముందు కూర్చున్న ఆ జనాన్ని చూసి చేతులు జోడించాడు.

"లోపలికి రావచ్చునా?" అని అడిగాడు.

ముత్తన్న తలపాగా తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. పెళ్ళిబట్టల్లో ఉన్న బయ్యమ్మే నీళ్ళచెంబుతో ముందుకొచ్చింది.

"కాళ్ళు కడుక్కుని రండి మామగారూ. ఇది మా రాజ్యం" అంది.

అరవై ఏళ్ళు ఏలారు వాళ్ళిద్దరూ. అరవై ఏళ్ళలో ఆ పొలిమేర దగ్గర అడిగినవాళ్ళెవరికీ చెంబెడు నీళ్ళు లేవనలేదు.