నాలుగు రేకుల పువ్వు

“తప్పు ఉంటే ముందే చెప్పేయాలా గురువుగారూ, అడిగేదాకా ఊరుకోవాలా?”

భావనారాయణ ఈ మాట అడిగేసరికి మార్కండేయులు గారు రాట్నం ముందు కూర్చుని నూలు కండె చుడుతున్నారు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవాడి చెవిలో వాడి ప్రశ్న మళ్ళీ మోగేదాకా ఆగుతారు. బయట నాలుగు రోజులుగా ముసురు. నేతపేటలో మగ్గం గుంటలన్నిటిలోకీ నీళ్ళూరాయి. ఏ ఇంట్లోనూ నాడె కదిలిన చప్పుడు లేదు. ఊపిరి బిగబట్టినట్టుంది పేట.

భావనారాయణకు మర్నాడు ఇంటర్వ్యూ. పట్నంలోని నేత శిక్షణ కేంద్రంలో పిల్లలకు పని నేర్పే మాస్టరు ఉద్యోగం ఒకే ఒక్కటి ఖాళీ అయింది. స్వయంగా నేసిన బట్ట ఒకటి వెంట తెచ్చుకోమని కాగితంలో రాశారు. వయసు మీరిపోతోంది, ఇంకోసారి పిలుపు రాదు. ఇది రాకపోతే మగ్గం ఊడదీసి, పట్నంలో ఏదో ఒక అపార్టుమెంటుకు కాపలాగా వెళ్ళిపోదామని అతనూ, భార్య సీతారత్నమూ అనుకున్నారు. అనుకున్న పూట ఇద్దరికీ అన్నం సయించలేదు.

వారం రోజులుగా అతను తయారవుతూనే ఉన్నాడు. బట్టలకొట్టు గుమాస్తా ఒకాయన నేర్పిన జవాబులు అద్దం ముందు నిలబడి వల్లె వేశాడు. నీలో లోపం ఏమిటని అడిగితే, పనిలో పడితే తిండి కూడా మరిచిపోతానండీ అని చెప్పాలట. అది విని సీతారత్నం, “మీరు తిండి మరిచిన రోజు నేనెరగనే! మీరు వెళ్ళేది ఇంటర్వ్యూకా, పెళ్ళిచూపులకా?” అని నవ్వింది. ఆ నవ్వు ఆమె ముఖంలో ఎంతోసేపు నిలవలేదు.

తీసుకెళ్ళే చీరలో నిజంగానే ఒక లోపం ఉంది. పాలనురుగు లాంటి చీర మీద ఐదు రేకుల పువ్వులు, తెల్లవారుజామున నేల రాలినట్టు. తల్లి పోయాక మళ్ళీ మగ్గం ఎక్కిన మొదటి రోజు కళ్ళు మసకబారి ఒక పువ్వుకు నాలుగు రేకులే వేశాడు. జానెడు నేత ముందుకు సాగాక గాని చూసుకోలేదు. ఆ పువ్వు మీద చూపు పడితే ఇప్పటికీ ఆ లేని రేకు చోటును వేలితో తడుముతాడు. ఆ పేటలో మడత కూడా ఒక విద్యే. తప్పు లోపలికి, సొగసు పైకి వచ్చేలా మడవడం ప్రతి ఇంట్లోనూ వచ్చు. కొనేవాళ్ళు పైమడతా, కొంగూ చూసి తీసుకుంటారు. ఇంటర్వ్యూలో కూర్చునేవాళ్ళు మాత్రం అంతకంటే ఏం చూస్తారు?

కండె నిండింది. మార్కండేయులు గారు లేచి లోపలికి వెళ్ళి, పెట్టె అడుగు నుంచి పాతగుడ్డలో చుట్టిన పట్టుచీర ఒకటి తెచ్చి శిష్యుడి ఒళ్ళో పెట్టారు.

“విప్పు.”

నేరేడుపండు రంగు చీర. మడతలు అట్టల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. భావనారాయణ వేలి కొసలతో మొదటి మడత తీశాడు. ఎండుటాకు నలిగినట్టు చిన్న చప్పుడైంది. మడత గీత పొడవునా పట్టు విడిపోయింది. రెండో మడతా అంతే.

“అయ్యో గురువుగారూ, చింపేశాను!”

“నువ్వు కాదులే. ఇంకా విప్పు.”

అన్నిటికంటే లోపలి మడతలో, అంచు పక్కన, వేలెడు మేర పేక, అడ్డంగా నేసే పోగు, తప్పి ఉంది. ఆ తప్పు చెక్కుచెదరలేదు. దాని చుట్టూ పట్టు ఇవాళ నేసినట్టు మెరుస్తోంది.

“నువ్వు రేపు వెళ్ళే ఉద్యోగమే నాకూ వచ్చింది, ఇది ఇదే మడతలో చూపించి,” అన్నారాయన. ముప్పై ఏళ్ళు చేశారు. పేటంతా ఆయన్ను మాస్టారూ అని పిలిచేది ఆ ఉద్యోగం వల్లనే.

“తరవాత ఎప్పుడూ విప్పలేదా?”

“ఎవరైనా ఉంటే భయం. ఎవరూ లేకపోతే ఇంకా భయం.”

మర్నాడు సీతారత్నం చీర మడవబోతే భావనారాయణ వద్దన్నాడు. వెదురుకర్రకు చుట్టి చంకన పెట్టుకున్నాడు. పట్నంలో వంతు కోసం కూర్చున్నవాళ్ళందరి ఒళ్ళోనూ బట్టలు చక్కగా మడిచి ఉన్నాయి. లోపల ముగ్గురు పెద్దమనుషులు. అతను చీరను బల్ల మీద ఆ చివర నుంచి ఈ చివరకు పరిచి, ఎవరూ అడగకముందే ఆ పువ్వు మీద వేలు పెట్టాడు. వల్లె వేసినవన్నీ ఎటో ఎగిరిపోయాయి.

“దీనికి ఒక రేకు తక్కువండీ.”

“అదేం?”

తల్లి సంగతి నోటిదాకా వచ్చింది. ఆమె చావును ఆ బల్ల మీద పెట్టి ఉద్యోగం అడగడానికి మనసొప్పలేదు.

“ఆ రోజు చూసుకోలేదండీ.”

“పిల్లలకు నేర్పాల్సినవాడివి, చూసుకోకపోతే ఎలాగయ్యా?” అని వాళ్ళలో పెద్దాయన కాగితం మీద ఏదో గీశారు. ఉద్యోగం ఇంకొకరికి వెళ్ళింది.

ముసురు వెలిసిన రోజు మగ్గం ఊడదీశారు. మార్కండేయులు గారు తామే వచ్చి ఒక చెయ్యి వేశారు. ఖాళీ గుంటలో మిగిలిన నీళ్ళలో ఆకాశం ముక్క ఒకటి పడి వణుకుతోంది.

“మీ మాట విని చెడిపోయానంటోంది సీతారత్నం,” అన్నాడు భావనారాయణ.

“నేనేం చెప్పాన్రా?”

“ఏమీ చెప్పలేదు. అదే మరి.”

పట్నంలో కాపలావాళ్ళకిచ్చే గదిలో పెట్టె పెట్టుకునే చోటు కూడా ఉండదని, ఈ చీర మీ దగ్గరే ఉంచండని ఇవ్వబోయాడు. ఆయన దాన్ని గుమ్మం దగ్గరి వెలుగులోకి తీసుకెళ్ళి, మొత్తం విప్పి, వెతికి వెతికి ఆ నాలుగు రేకుల పువ్వు దగ్గర ఆగిపోయారు. చాలాసేపు చూశారు. తరవాత నెమ్మదిగా కర్రకు చుట్టి, మళ్ళీ అతని చేతిలోనే పెట్టారు.

“నీతోనే ఉండనీ. దీన్ని నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోగలవు.”